పెద్దపేగుకు రక్ష

మా మర పై రాయిని దించి, వెల్లకిలా నేలమీద పడుకోబెట్టి, దాన్ని ఎత్తే గొలుసు కొక్కేన్ని నా జేబులో వేసుకున్నానని వీధి వీధంతా నన్ను తిట్టింది. తిట్టనీ. అప్పుడు నేను తిన్నన్ని తిట్లు మా నాన్న దగ్గర కూడా తినలేదు. ఆయనేమో ఆ విద్యలో ఆరితేరిన మనిషి. గిన్నెలు పట్టుకుని వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూసి, "ఏమైంది, రాయి విరిగిందా?" అని అడిగేవాళ్ళు. "రాయి బానే ఉంది, నాకే బాలేదు" అనేవాణ్ణి. "అక్కగారు ఏరీ?" అనేవాళ్ళు. అక్క లోపల గోలెం అంచుమీద నాకు వీపు పెట్టి కూర్చుని ఉండేది. నాతో మాటల్లేవు.

ఈ గొడవంతా ఎక్కడ మొదలైందో చెప్పాలంటే బోర్డు దగ్గర మొదలుపెట్టాలి.

మాది మొక్కజొన్న ముద్ద ఆడే మర. పొడి పిండి కాదు. గింజల్ని సున్నపు తేటలో ఉడికించి, తెల్లారేదాకా అందులోనే నాననిచ్చి, కడిగి, తడిమీదే రెండు రాళ్ళ మధ్య ఆడిస్తే మెత్తటి ముద్ద దిగుతుంది. జనం గిన్నెల్లో పట్టుకెళ్ళి రొట్టెలు ఒత్తుకుంటారు, పలచగా కలిపి జావ కాచుకుంటారు. మా నాన్న నాటి నుంచీ ఇదే పని. రాయి నా వంతు, ఉడికించడం అక్క వంతు. అక్క నాకన్నా పెద్దది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళందర్నీ తరిమేసి ఈ గోలేల దగ్గరే ఉండిపోయింది. సున్నం ఎంత వేస్తావని అడిగితే చెప్పదు. చెప్పడం చాతకాదు కూడా. ఉడుకుతున్న గింజని గరిటెతో తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతుంది. పొట్టు జారితే మంట తీసేస్తుంది. అంతే.

తెల్ల మొక్కజొన్నతో పాటు ఎర్రదీ ఆడతాం. దాని సంగతి వేరు. సున్నం ఎక్కువైందంటే రంగు చచ్చి బూడిదలా తయారవుతుంది. అందుకని దాన్ని అక్క వేరే గోలెంలో, చంటిపిల్లకి స్నానం చేయిస్తున్నంత ఒద్దికగా ఉడికిస్తుంది. పొట్టు కూడా పూర్తిగా కడిగెయ్యదు. ఆ ముద్ద తిన్నవాళ్ళకి మర్నాడు పొద్దున దొడ్లో ఆ ఛాయ కనబడుతుంది, బీట్‌రూట్ తిన్నట్టే. కొత్తవాళ్ళు హడలిపోయి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. నాన్న నవ్వేసి, "అది మా మర ముద్ర. భయం లేదు, పోయి పని చూసుకోండి" అని పంపేసేవాడు. మా ఇంట్లో పుట్టినవాళ్ళెవరైనా మాటలు రాగానే నేర్చుకునే మొదటి హాస్యం అదే.

ఒకసారి పరిశోధనలు చేసే అమ్మాయి ఒకామె వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో చిన్న చిన్న గాజు సీసాలు. మా ఎర్ర గింజలూ ముద్దా కాస్త కాస్త తీసుకుంది. వాటిని ఎలకలకి పెడుతుందని తెలిసి అక్క ఆమెకి ఎలకల డాక్టరమ్మ అని పేరు పెట్టేసింది. మొహంమీదే అలా పిలిచేది. ఆ అమ్మాయి మంచిది, నవ్వేది.

"ఇంతకీ మా ముద్ద తిని నీ ఎలకలేమన్నాయమ్మా?" అంది అక్క రెండోసారి వచ్చినప్పుడు.

"పెద్దపేగులో గడ్డలు తక్కువగా వచ్చాయండీ."

"ఏం గడ్డలు?"

"క్యాన్సర్ గడ్డలు. ఆ ఎర్ర రంగులో ఉన్న పదార్థం, పీచు, ఈ రెండూ కలిసి పేగుకి మేలు చేస్తున్నాయేమోనని మా అనుమానం."

"అయితే మనుషులకీ చేస్తుంది."

"అది ఇంకా తెలీదండీ. ఇలాంటి పాత తిళ్ళు మానకుండా తినేవాళ్ళలో ఆ జబ్బు కాస్త తక్కువేమో అంటున్నారు. తిండి వల్లేనా, వాళ్ళు ఒళ్ళు వంచి పని చెయ్యడం వల్లా, ఇంకేదన్నానా, అది తేలాలి. పైగా సున్నంలో ఉడికిస్తే ఆ రంగు చాలావరకు పోతుంది. మీరు తక్కువ సున్నంతో చేస్తారని విని మీ దగ్గరికి వచ్చాను."

ఇందులో అక్క చెవికెక్కినవి రెండే ముక్కలు, పేగుకి మేలన్నదీ, మీ దగ్గరికే వచ్చానన్నదీ. తక్కినవన్నీ ఆ అమ్మాయి వీధి మలుపు తిరిగేలోపే రాలిపోయాయి. సాయంత్రానికల్లా పక్కనే దుకాణాల బోర్డులు రాసే రంగులాయన వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు.

"ఇంత గొప్ప సంగతి లోపలే పెట్టుకుంటారేంటండీ అక్కగారూ. గోడమీదకి ఎక్కాలి గానీ."

ఎక్కింది. మందపాటి చెక్క పలకమీద, తెల్ల రంగు పూసి, ఎర్ర అక్షరాలతో: మా ఎర్ర మొక్కజొన్న, మీ పెద్దపేగుకు రక్ష. పక్కన పేగు బొమ్మ కూడా వేస్తానన్నాడు. అది మాత్రం నేను పడనివ్వలేదు. తిండి అమ్మే చోట పేగులు వేలాడదీస్తే ఎవరొస్తారు?

బోర్డు లేకపోయినా వచ్చే జనం వేరు, బోర్డు చూసి వచ్చిన జనం వేరు. మొదటివాళ్ళకి ఆకలి, రెండోవాళ్ళకి భయం. అక్కని చెయ్యి పట్టుకుని మాట్లాడేవాళ్ళు, నేనెక్కడున్నానో చూసేవాళ్ళు కాదు. రాయి తనంతట తనే తిరుగుతోందనుకున్నారు కాబోలు. వాళ్ళలో సిగరెట్ల పెద్దమనిషి అని ఒకాయన ఉండేవాడు. ఒక చేతిలో సిగరెట్టు, ఇంకో చేతిలో నూనె ఓడుతున్న పొట్లం, చంకలో ముద్దకి గిన్నె.

"ఇది తింటుంటే ఇంక ఆ పరీక్షలూ గిరీక్షలూ అక్కర్లేదు కదమ్మా?" అన్నాడోసారి.

"ఎందుకు బాబూ, దండగ. మా ఇంట్లో తరతరాలుగా తింటున్నాం. ఒక్కళ్ళకైనా వచ్చిందా?" అంది అక్క.

"మా ఇంట్లో ఎవర్నీ ఏనుగు కూడా తొక్కలేదు. అదీ మొక్కజొన్న మహిమే" అన్నాను రాయి పక్కనుంచి.

అక్క చూసిన చూపుకి పాలు విరగాలి. ఆయన మాత్రం నిశ్చింతగా గిన్నె నింపించుకుపోయాడు. బట్టలకొట్టు ముసలావిడైతే ఇంకా ఘోరం. కొడుకు పరీక్షకి రోజు కూడా ఖాయం చేసి వస్తే, "మరక్క చెప్పింది, నాకక్కర్లేదు" అని మంచం దిగలేదట. ఆ కబురు విని అక్క మురిసిపోయింది.

ఆ ఏడు ఎర్ర మొక్కజొన్న పంట కోతల్లో వానకి తడిసి బూజుపట్టింది. మాకు ఒక చిన్న బస్తా తప్ప దొరకలేదు. "ఇది నా వరకే. బయటివాళ్ళకి ఈసారి తెల్లదే" అని అక్క దాన్ని తన గదిలో పెట్టుకుంది. పొద్దున్నే నేను మేడ దిగకముందే తనకి కావలసినంత ఆడుకుంటానంది. మేం పైన, అక్క కింద. బోర్డు చూసి వచ్చినవాళ్ళు సణిగారు గానీ తెల్లదే పట్టుకెళ్ళారు. అక్క కలిపితే తెల్లదాంట్లోనూ రక్ష ఉంటుందని వాళ్ళకి వాళ్ళే చెప్పుకున్నారు.

ఆ రోజుల్లోనే అక్క ఒళ్ళు తగ్గడం మొదలైంది. చేతి గడియారం పట్టీ లోపలి రంధ్రానికి పెట్టుకున్నా ముంజేతిమీద జారుతోంది. గింజలు కడిగేటప్పుడు మధ్యలో ఆగి గోలెం అంచు పట్టుకుని నిలబడుతోంది. బిందె ఎత్తబోయి, ఏదో గుర్తొచ్చినట్టు కింద పెట్టేసి, "ఒరేయ్, ఇది కాస్త ఇటు పొయ్యి" అంటోంది. మా అక్క బిందె ఎత్తమని ఇంకొకర్ని అడగడం నేనెప్పుడూ చూడలేదు. అడిగితే వయసంది.

ఒక మధ్యాహ్నం మా ఆవిడ కుట్టుపని నుంచి వచ్చి, మెట్లమీదే నన్ను ఆపింది.

"వదిన తర్వాత నేను దొడ్లోకి వెళ్ళానండీ. ఎర్రగా ఉంది."

"మర ముద్ర" అన్నాను, అలవాటుగా.

"నేనూ అదే అనుకున్నా. అడిగితే ఆవిడా అదే అంది. ఎర్ర మొక్కజొన్న తింటే ఎర్రగా కాక పచ్చగా ఉంటుందా పిల్లా అని నవ్వింది."

"మరింకేం?"

"రక్తం ఎలా ఉంటుందో ఆడదానికి ఇంకొకళ్ళు నేర్పాలా? మీ ముద్ర నేను ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నా. అది ఇది కాదు."

కిందకి దిగి పని చూసుకున్నాను. ఆ రోజు రాయికి కక్కు కొట్టాల్సిన పని ఉంది. ఆడగా ఆడగా రాళ్ళ గంట్లు అరిగిపోతే గింజ నలగదు, జారిపోతుంది. అప్పుడు పై రాయిని గొలుసుతో దూలానికి ఎత్తి, తిప్పి, నేలమీద వెల్లకిలా పెట్టి, ఉలితో గంట్లు మళ్ళీ లోతు చెయ్యాలి. తిప్పి పడుకోబెట్టాను. కుంచె తీసుకున్నాను గానీ తుడవలేదు.

ఎర్ర మొక్కజొన్న ఒక్కసారి ఆడినా సరే, దాని పొట్టు రేకులు రాయి నడిమి కన్ను చుట్టూ గంట్ల అడుగున కరుచుకుని ఉంటాయి. ఎండి గట్టిపడతాయి. వాటిమీద ఎంత తెల్లది ఆడినా పోవు. మొన తేలిన ఇనప పుల్లతో గీకాలి. నాకు విసుగు పుట్టించే పనుల్లో అది మొదటిది. ఆ రోజు ఆ రాయిలో గీకడానికి ఏమీ లేదు. గంట్లన్నీ తెల్లగా ఉన్నాయి. మోకాళ్ళమీద కూర్చుని రాయి చుట్టూ తిరిగాను. ఒక్క ఎర్ర రేకు కనబడలేదు.

"అక్కా" అని పిలిచాను. "ఎర్రది ఎప్పుడాడావు?"

"నిన్న పొద్దున" అంది, గోలెం దగ్గర్నుంచి తలెత్తకుండా.

"ఏ రాతిమీద?"

"మనకి ఎన్ని మరలున్నాయిరా?"

"ఇటు రా. ఇందులో ఒక్క ఎర్ర పొట్టు చూపించు."

రాలేదు. చేతిలో గరిటె ఆగింది. "కడిగాను" అంది.

"నువ్వు? ఈ రాయి ఎత్తి కడిగావా? బిందె ఎత్తలేకపోతున్నావు."

"నీ పని నువ్వు చూసుకో."

"డాక్టర్ దగ్గరికి పద."

"నాకేం వచ్చిందనీ? రాయిలా ఉన్నా."

"రాయి కింద పడుంది చూడు" అన్నాను. గొలుసు చివర కొక్కెం విప్పి జేబులో వేసుకున్నాను. "నువ్వు చూపించుకుని వచ్చేదాకా ఇది పైకెక్కదు."

అదీ జరిగింది. ఉడికిన గింజలు గోలేల్లోనే ఉండిపోయి పులిసి వాసన కొడుతుంటే అక్క వాటిని తన చేత్తోనే కాలవలో పారబోసింది. తిండి పారెయ్యడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. అది చూసి నేను మారతాననుకుంది. మారలేదు. రంగులాయన్ని పిలిచి ఇద్దరూ కలిసి రాయి ఎత్తబోయారు. కొక్కెం లేని గొలుసుతో రాయి ఎక్కడ లేస్తుంది? ఇద్దరూ రొప్పి వదిలేశారు.

సిగరెట్ల పెద్దమనిషి రోజూ వచ్చేవాడు. "ఏమయ్యా, జనం ఆరోగ్యంతో ఆడుకుంటావా?" అని దబాయించాడు. "జనం ఆరోగ్యం నీ నోట్లో పొగవుతోంది, ముందు అది చూడు" అన్నాను. రంగులాయనది ఇంకో ధోరణి. గొంతు తగ్గించి, భుజంమీద చెయ్యేసి, పెద్దరికంగా మొదలుపెట్టాడు.

"అక్కకి ఇంత పేరొచ్చిందని కడుపులో ఉండకూడదు బాబూ. తోబుట్టువు కదా."

"ఏం ఉండకూడదు?"

"అసూయ."

"రంగులాయనా, ఒక్క మాట చెప్పు. నువ్వు రాసిన బోర్డు నువ్వు నమ్మావా?"

"నా పని రాయడం."

"నమ్మడం మా అక్కకి వదిలేశావన్నమాట."

అతను ఏదో అనబోయాడు. నేను వినలేదు. నిచ్చెన తెచ్చి గోడకి వేశాను. గుమ్మం ముందు గిన్నెలవాళ్ళు గుంపుగా ఉన్నారు. ఉలి మేకుల కింద దూర్చి ఒక్కొక్కటీ పెకిలించాను. మేకులు కీచుమంటుంటే లోపల్నుంచి అక్క బయటికొచ్చింది. ఎండలోకి వచ్చేసరికి మొహం గోడకి వేసిన సున్నంలా ఉంది. ఇన్నాళ్ళూ మర లోపలి చీకట్లో నాకు తెలియలేదు.

"దానిమీద చెయ్యి వెయ్యకు" అంది. ఇన్ని రోజుల తర్వాత నాతో మొదటి మాట.

"వేశాను."

"నాన్న ఉంటే నీ చెయ్యి విరగ్గొట్టేవాడు."

"నాన్న ఉంటే ఈ బోర్డు పొయ్యిలో ఉండేది."

గుంపులో ఎవరో, "పిచ్చెక్కింది వాడికి" అన్నారు. "ఎక్కింది, అందుకే నిచ్చెనమీద ఉన్నా" అన్నాను. ఆఖరి మేకు ఊడింది. పలక నా భుజంమీద పడింది, బరువుగానే ఉంది. దిగి, దాన్ని లోపలికి మోసుకెళ్ళి, వెనకాలే వచ్చిన అక్కని లోపలికి రానిచ్చి, తలుపు వేసేశాను. బయట తిట్లు మెల్లగా సద్దుమణిగాయి.

అక్క తలకిందులుగా ఉన్న రాయిమీద కూర్చుంది. మామూలుగానైతే దానిమీద ఎవరన్నా కూర్చుంటే చంపేస్తుంది.

"నాకు తెలుసురా" అంది.

"ఏం తెలుసు?"

"ఆ బస్తా కుట్టు కూడా విప్పలేదు." తన గదివైపు చూపించింది. "మొదట్లో నేనూ ముద్రే అనుకున్నా. కానీ రంగు తేడాగా తోచింది. అందుకని మానేశా. ఎర్రది మానేసి తెల్లదే తింటే ఆగిపోవాలి కదా, ఆగితే మొక్కజొన్నే అనుకుని నిశ్చింతగా ఉండొచ్చు కదా అని. రోజూ పొద్దున చూసుకునేదాన్ని."

"ఆగలేదు."

"ఆగలేదు."

తిండి మార్చి చూడటం తప్ప ఎలకల డాక్టరమ్మ మాత్రం ఇంకేం చేసిందట? అదే పని అక్క ఒంటరిగా, దొడ్లో, ఎవరికీ చెప్పకుండా తనమీద తనే చేసుకుంది. తేలింది కూడా. తేలిన సంగతిని బస్తాతో పాటు గదిలో పెట్టి తలుపేసింది. నాకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. తిట్టడం బాగా వచ్చు కనక అదే చేశాను. అక్క చివరిదాకా విని, కళ్ళు కూడా తుడుచుకోకుండా అంది:

"ఎలా చెప్పనురా? ఆ బోర్డు కింద కూర్చుని కనబడినవాళ్ళందరికీ రక్ష రక్ష అని పంచిపెట్టా. ఆ బట్టలకొట్టు ముసల్ది నా మాట విని మంచం దిగలేదు. ఇప్పుడు నాకే వచ్చిందంటే నా మొహాన ఉమ్మెయ్యరూ?"

"ఉమ్మితే కడుక్కుందాం. మనింట్లో నీళ్ళకి కరువా?"

అక్క నవ్వలేదు గానీ లేచింది. చెప్పులు ఎక్కడ పెట్టానో అని వెతుక్కుంది. మా ఆవిడ ఎప్పుడు దిగిందో, అప్పటికే చేతిలో పట్టుకుని మెట్లమీద నిలబడి ఉంది.

డాక్టరు మర్యాదస్తుడు. పొట్ట నొక్కి చూశాడు, ఎన్నాళ్ళుగా అని అడిగాడు, అక్క ఎప్పుడూ లేనంత బుద్ధిగా చెప్పింది. గొట్టంతో లోపల చూడాలన్నాడు. దానికి ముందు కొన్నాళ్ళు ఏం తినాలో ఏం తినకూడదో వివరంగా చెప్పాడు.

"పొట్టు ఉన్న గింజలేవీ వద్దు. మొక్కజొన్న అసలే ముట్టుకోవద్దు. ఎర్ర రంగున్నవి తినడం, తాగడం కూడా వద్దు."

అక్క మెడ నిక్కించి నావైపు చూసింది, విన్నావట్రా అన్నట్టు. "మొక్కజొన్న ఏం పాపం చేసిందండీ?"

"పొట్టు లోపల అంటుకుని గోడ కనబడనివ్వదు. ఎర్రదైతే రక్తంలా ఉండి మమ్మల్ని తికమక పెడుతుంది."

"మమ్మల్ని కూడా పెట్టింది లెండి" అన్నాను.

సంగతేమిటని అడిగాడు. చెప్పాను, రాయి నుంచి బోర్డు దాకా. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"అది తింటే ఈ జబ్బు రాదని మీకెవరు చెప్పారమ్మా?"

"నేనే చెప్పాను" అంది అక్క. "అందరికీ."

ఆయన కలానికి మూత పెట్టాడు. "మంచి తిండే. మానెయ్యమనను, తర్వాత మళ్ళీ తినండి. గొడుగు ఉన్నవాడు తక్కువ తడుస్తాడు, అంతవరకే. మీరు గొడుగు ఉందని వరదలోకి దిగారు."

గొట్టం లోపలికి వెళ్ళింది. గడ్డ కనబడింది. ముక్క తీసి పరీక్షకి పంపారు, అదే అని తేలింది. పేగులో కొంత భాగం కోసి తీసేసి మిగిలినది కలిపి కుట్టారు. ఇంకొన్నాళ్ళు మందు ఎక్కించాలన్నారు. చెయ్యి దాటిపోలేదన్నారు. ఇకముందు దాటదని మాత్రం ఎవరూ మాటివ్వలేదు, మేమూ అడగలేదు. ఇంకాస్త ముందు రావాల్సింది అని నర్సు అంటే అక్క, "ముందు వస్తే మా తమ్ముడికి రాయి దించే సరదా తీరేది కాదమ్మా" అంది. కుట్లు నొప్పెట్టినా నవ్వింది.

అక్క ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మర మూసే ఉంచి రాయికి కక్కు కొట్టాను. అంత లోతుగా ఎప్పుడూ కొట్టలేదు. ఇంటికి వచ్చిన రోజే కొక్కెం గొలుసుకి తగిలించి రాయి ఎక్కించాను. అక్క ఇంట్లో కాళ్ళు కూడా కడుక్కోకుండా మా ఆవిడ చెయ్యి పట్టుకుని బట్టలకొట్టు ముసలావిడ దగ్గరికి వెళ్ళింది. ఏం మాట్లాడిందో నాకు తెలియదు. పొట్టమీది బట్ట తొలగించి కుట్లు చూపించిందని మాత్రం మా ఆవిడ చెప్పింది. ముసలావిడ ఆ వారమే పరీక్షకి వెళ్ళింది. ఆవిడకేమీ లేదు. ఏమీ లేనందుకు కూడా మమ్మల్నే తిట్టింది, పరీక్షకి ముందు భేది మందు తాగించి చంపారని.

ఎలకల డాక్టరమ్మ పళ్ళు పట్టుకుని చూడటానికి వచ్చింది. కుర్చీ అంచుమీద కూర్చుని సంచీ తాడు మెలిపెడుతోంది.

"ఆ బోర్డు చూసినప్పుడే నేను చెప్పాల్సిందండీ."

"చెప్తే నేను వినేదాన్నా?" అంది అక్క. "అది సరే గానీ, మా ముద్ద తిన్న ఎలకల్లో కూడా కొన్నిటికి వచ్చింది కదూ?"

"వచ్చిందండీ. తక్కువ వాటికి."

"వచ్చినవాటిని ఏం చేశారు?"

ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను గోడ చూశాను. "కోసి చూశాం" అంది మెల్లగా.

"నన్నూ కోసి చూశారు. కాకపోతే నేను లేచి కూర్చున్నా." పళ్ళలో ఒకటి తీసి ఆ అమ్మాయి చేతిలోనే పెట్టింది. "తిను. మళ్ళీ గింజలు కావాలంటే పట్టుకెళ్ళు. చూడటం మాత్రం మానకు."

రంగులాయన కూడా వచ్చాడు, కాస్త ఆలస్యంగా, కాస్త వంగి. పాత పలక ఇస్తే తుడిచి, కొత్తగా, జాగ్రత్తగా ఏదన్నా రాస్తానన్నాడు. అక్క వద్దంది. "ఇంక రాతలొద్దు. నోరుంది." ఆ పలకని, గింజలు నాన్చే గోలెంమీద మూతగా పెట్టి చూసింది. సరిగ్గా సరిపోలేదు, ఒక మూల కోయాల్సొచ్చింది. అక్షరాలు పైకి పెట్టి మూత వేసింది. పేగు అన్న చోట మధ్యకి కోత పడింది. అక్క అది చూసి, "నాకూ అక్కడే" అంది.

బోర్డు కోసం వచ్చినవాళ్ళలో చాలామంది ఇంక రావడం మానేశారు. ఆకలి కోసం వచ్చేవాళ్ళు వస్తున్నారు. కొత్త పంట ఎర్రది వచ్చింది, మళ్ళీ ఆడుతున్నాం. కొన్నవాళ్ళకి ముద్ర సంగతి అక్కే చెబుతోంది, ఒక ముక్క కలిపి: "తిన్న మర్నాడు ఎర్రగా ఉంటే మాది. మానేశాక కూడా ఉంటే మీది. డాక్టర్ దగ్గరికి నడవండి." కొందరు మొహం చిట్లిస్తారు, తిండి దగ్గర ఈ మాటలేమిటని. చిట్లించనీ.

మొన్న సిగరెట్ల పెద్దమనిషి వచ్చాడు. గిన్నెని గోలెం మూతమీద పెట్టి, అక్కని పైనుంచి కిందికి చూశాడు.

"మీకే వచ్చిందటగా. ఇంకా ఈ ముద్ద ఎందుకమ్మా తినడం?"

"ఆకలేసి" అంది అక్క. "అది సరే, నువ్వు చూపించుకున్నావా?"

"నాకేం? బ్రహ్మాండంగా ఉన్నా."

"నేనూ అదే అన్నా, రాయిలా ఉన్నానని. మీ నాన్న ఏం జబ్బుతో పోయాడన్నావు ఆ మధ్య?"

ఆయన సిగరెట్టు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "అది పాత సంగతి."

"కడుపులో గడ్డ అన్నావు. ఒరేయ్ తమ్ముడూ, ఈయనకి ముద్ద పెట్టకు."

"మళ్ళీ రాయి దించమంటావా అక్కా?"

"ఒక్క మనిషికి రాయెందుకురా? గిన్నె చాలు." గిన్నెని అరచేత్తో తన వైపు లాక్కుని బోర్లించింది. "చూపించుకుని వచ్చి తీసుకెళ్ళు."

"ఊళ్ళో ఇంకో మర లేదనుకున్నారా?"

"ఉంది, ఆ మలుపు తిరిగితే. వెళ్ళు. గిన్నె మాత్రం ఇక్కడే ఉంటుంది."

ఆయన ఎర్రబడ్డాడు. నన్నూ అక్కనీ మా నాన్ననీ కలిపి ఏదో అని, ఉత్త చేతులతో వెళ్ళిపోయాడు. గిన్నె ఇంకా అక్కడే ఉంది. పొద్దున గింజలు తియ్యడానికి మూత ఎత్తాలంటే ముందు దాన్ని పక్కకి జరపాలి. జరుపుతున్నాం. పనయ్యాక తుడిచి మళ్ళీ అక్కడే బోర్లిస్తున్నాం.